మిస్సమ్మ ఎవరి కూతురు?

కిందటి డిసెంబరులో మా సంస్థ వార్షిక సమావేశం రెండు రోజులు జరిగింది. మొదటిరోజంతా లెక్కలు, నివేదికలు, వచ్చే ఏడాది పనుల పట్టిక. సాయంత్రానికి అందరి బుర్రలూ వేడెక్కిపోయాయి. భోజనాలయ్యాక చాపలు పరుచుకుని కూర్చున్నప్పుడు ఎవరో అన్నారు, "ఇంక పని మాటలు వద్దు. ఒక్కొక్కళ్ళూ తమకు బాగా ఇష్టమైన సినిమా ఏదో, ఎందుకిష్టమో చెప్పాలి" అని. సరదాకి మొదలైన ఆ కబుర్లు రాత్రి ఒంటిగంట దాకా సాగాయి. ఇద్దరు అలిగారు. ఒకరు ఏడ్చారు. ఆ రాత్రి విన్న మాటలు నన్ను ఇంకా వదలడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఎవరెవరు ఏ పేర్లు చెప్పారో చెప్తాను. 'మాయాబజార్', 'గుండమ్మ కథ', 'మల్లీశ్వరి', 'ప్రతిఘటన', 'శుభలగ్నం', 'ఒసేయ్ రాములమ్మ', 'ఆనంద్', 'ఫిదా', 'మహానటి'. వయసులో చిన్నవాళ్ళు చెప్పినవి కొన్ని నేను చూడనే లేదు. పితృస్వామ్యం గురించి, ఇంటిచాకిరీ గురించి ఊరూరా శిక్షణలిచ్చే ఇరవైమందిమి అక్కడ ఉన్నాం. మేం శిబిరాల్లో చూపించే సినిమా పేరు మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఇది గమనించి మేమే నవ్వుకున్నాం.

మొదటి గొడవ 'గుండమ్మ కథ' (1962) దగ్గర వచ్చింది. మాలో అందరికన్నా పెద్దావిడ అన్నారు, "ఇల్లూ ఆస్తీ తాళాల గుత్తీ తన చేతిలో పెట్టుకుని, ఎవడికీ జంకకుండా బతికిన విధవరాలు మన సినిమాల్లో సూర్యకాంతం తప్ప ఇంకెవరున్నారు?" అని. వెంటనే ఇంకొకరు, "ఆ తాళాల గుత్తి లాక్కోవడమే కదండీ కథంతా! జమున పొగరు అణచడం, సావిత్రి ఓర్పుకి మెచ్చుకోలు. నోరున్న ఆడదానికి శిక్ష, నోరులేని ఆడదానికి బహుమతి" అన్నారు. రెండూ నిజమే. ఆ సినిమాలో అంజిగా నవ్వించిన రామారావుగారే ముఖ్యమంత్రిగా ఉండగా, 1985 నుంచి వర్తించేలా, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకూ కొడుకులతో సమానంగా హక్కు కల్పించే సవరణ మన రాష్ట్రంలో వచ్చింది. దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. గుండమ్మను ఓడించిన కథానాయకుడి హయాంలోనే గుండమ్మ కూతుళ్ళకు చట్టం హక్కు ఇచ్చిందన్నమాట.

నా వంతు వచ్చింది. నేను తడుముకోకుండా 'మిస్సమ్మ' అన్నాను.

ఎల్.వి. ప్రసాద్ తీసిన ఆ సినిమా 1955లో వచ్చింది. అప్పటికి నేను పుట్టలేదు. మా అమ్మ పెళ్ళయిన కొత్తలో చూసిందట. తర్వాత మా ఊరి టూరింగ్ టాకీసుకు వచ్చినప్పుడల్లా మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళేది. అయిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి ఆమె. సావిత్రిని చూపించి, "ఆ పిల్ల బి.ఎ. చదివిందే" అని మా అక్కచెల్లెళ్ళకు చెప్పేది. ఇంటర్ తర్వాత నాన్న నా చదువు మానిపించబోతే నేను అన్నం మానేసి పడుకున్నాను. అమ్మ ఆయనతో ఏం మాట్లాడిందో తెలియదు గానీ డిగ్రీలో చేరాను. నా చదువుకీ ఆ సినిమాకీ ఏదో బంధుత్వం ఉందని నా నమ్మకం.

ఈ కథలో నాకు నచ్చింది ప్రేమ కాదు, హాస్యమూ కాదు. మేరీకి కావలసింది మొగుడు కాదు, ఉద్యోగం. ఇంటి మీదున్న అప్పు తీర్చాలి. ఆ అప్పు చూపించి తనను పెళ్ళాడమని వెంటపడుతున్న డేవిడ్ బారినుంచి బయటపడాలి. బడికి టీచర్లు కావాలన్న జమీందారేమో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ డిగ్రీ చదివిన జంటే రావాలంటాడు. అంటే ఆడదాని చదువు ఒక్కటీ చాలదు, పక్కన మొగుడు ఉంటేనే జీతం. సరే, మొగుడే కదా మీకు కావలసింది, ఇదిగో తెస్తున్నాను అని, ముక్కూ మొహం తెలియని మనిషిని వెంటబెట్టుకుని వెళుతుంది మేరీ. పెళ్ళి అనేది ఉద్యోగానికి చూపించే ఒక సర్టిఫికెట్ అయిపోయింది. ఇవాళ్టికీ నగరంలో ఒంటరి ఆడది అద్దె ఇల్లు వెతుక్కోవాలంటే "మీవారేం చేస్తుంటారు?" అన్న ప్రశ్న దాటాలి. ఏడు పదులేళ్ళ కిందటి సినిమా ఆ ప్రశ్నని నవ్వుతాలుకి మార్చి చూపించింది. పైగా సావిత్రి ఆ సినిమాలో ఎంతసేపు విసుక్కుంటుందో! బొట్టూ పూలూ పేరంటాలూ తన మీద రుద్దుతుంటే ఆ ముఖంలో చిరాకు చూడాలి. సర్దుకుపోయే సావిత్రిని చాలా సినిమాల్లో చూశాం. సర్దుకుపోని సావిత్రి ఇందులోనే ఉంది.

ఇదంతా నేను ఉత్సాహంగా చెప్పి ముగించాను. మా సంస్థలో చేరి రెండేళ్ళయిన ఒక అమ్మాయి ఉంది. గుంటూరు వైపు నుంచి వచ్చింది. ఎక్కువ మాట్లాడదు. ఆమె అంది, "అక్కా, మీరు ఆ సినిమా చివరిదాకా చూశారా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మా అమ్మమ్మ మిషన్ బడిలో టీచరు. మా పల్లెలో మొదట చదువుకున్న ఆడమనిషి ఆమే. ఊళ్ళో అందరూ ఆమెని మిస్సమ్మ అనే పిలిచేవాళ్ళు. సినిమాలో మిస్సమ్మకి చివర ఏమైందక్కా? ఆమె క్రైస్తవ పిల్లే కాదని తేలింది. జమీందారుగారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మట. పాదం మీద పుట్టుమచ్చ చూసి తేల్చారు. అప్పుడు గానీ అందరికీ ఊపిరాడలేదు. మేరీ మేరీగానే ఉంటే ఆ పెళ్ళి జరిగేదా? జరిగితే జనం చూసేవాళ్ళా? మా అమ్మమ్మ ఎవరి తప్పిపోయిన కూతురూ కాదు. ఆమె పాదం మీద పుట్టుమచ్చ ఎవరూ వెతకలేదు. మీకు ఆ సినిమాలో చదువుకున్న ఆడపిల్ల కనిపించింది. నాకేమో, మేం మాలాగా ఉంటే కథలో చోటు లేదని కనిపించింది."

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఆ కాలాన్ని బట్టి చూడాలి కదా అన్నాను. 1955లో అంతకన్నా ఏం తీయగలరు అన్నాను. ఆమె శాంతంగా, "దానికి పదిహేడేళ్ళ ముందే 'మాలపిల్ల' తీశారు కదక్కా" అంది. నిజమే. చలం కథతో గూడవల్లి రామబ్రహ్మం 1938లో తీసిన సినిమా అది. బ్రాహ్మణ యువకుడు దళిత అమ్మాయిని ప్రేమించిన కథ. "అది కూడా మావాళ్ళు తీసింది కాదు, వేషం వేసింది మా పిల్ల కాదు. కానీ అందులో ఆ పిల్ల చివరిదాకా వాళ్ళమ్మానాన్నల కూతురే" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ సినిమా నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పుట్టుమచ్చ సంగతి నాకు తెలియదా? తెలుసు. కానీ నా మనసులో ఆ సినిమా ఎప్పుడూ ఆఖరి అరగంట ముందే అయిపోయేది. నాకు కావలసినంత తీసుకుని, మిగతాది చూడనట్టు ఊరుకున్నాను. అలా ఊరుకోగలిగే వెసులుబాటు నాకుంది, ఎందుకంటే ఆ ఆఖరి అరగంట నన్ను తాకదు. నా కులం వైపు నుంచి చూస్తే అది సుఖాంతమే. ఆ అమ్మాయికి మాత్రం ఆ అరగంటే సినిమా.

నేనిప్పుడు చెప్పదలుచుకున్నది ఇదే. ప్రతి ఒక్కరూ తమకిష్టమైన సినిమాని ఎక్కడో ఒకచోట ఆపేసుకుంటారు. ఎక్కడ ఆపుతారన్నది వాళ్ళ బతుకు నిర్ణయిస్తుంది. అందుకని, ఏ సినిమా మంచిది, ఏది చెడ్డది అని తీర్పులు చెప్పడం కన్నా, ఎవరు ఎక్కడ ఆపుతున్నారు, ఏ భాగం దగ్గర కళ్ళు మూసుకుంటున్నారు అని అడగడం మన పనికి ఎక్కువ ఉపయోగం.

తీర్పులు చెప్పడంలో మాకు చాలా అనుభవం ఉంది. తొంభైల మొదట్లో సినిమాల్లో స్త్రీల చిత్రణ మీద మేం పెట్టిన సమావేశాలకు లెక్కలేదు. అత్యాచార దృశ్యాలు ఎన్ని, ఐటం పాటలు ఎన్ని, చెంపదెబ్బలు ఎన్ని అని కాగితం మీద గీతలు పెట్టి లెక్క తీసేవాళ్ళం. ఆ పని తప్పని అనను. అసభ్య పోస్టర్ల మీద తారు పూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ ఆ లెక్కలో చూసే మనిషికి చోటు లేదు. ఆమె తెర ముందు నోరు తెరుచుకుని కూర్చున్న అమాయకురాలు, మేం వెళ్ళి ఆమె కళ్ళు తెరిపించాలి. అప్పటి మా ఊహ అది.

ఆ రోజుల్లోనే నల్గొండ జిల్లాలో ఒక ఊళ్ళో సంఘం ఆడవాళ్ళకి బి. నరసింగరావు 'దాసి' (1988) చూపించాం. అద్దెకు తెచ్చిన కలర్ టీవీ, వీసీఆర్, ఎలాగో సంపాదించిన క్యాసెట్. ఆ సినిమాకి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి, దాసి కమలాక్షిగా అర్చనకు ఉత్తమ నటి అవార్డుతో సహా. 1920ల నాటి తెలంగాణ గడీ. కట్నంతో పాటు వచ్చిన దాసి. దొరవల్ల కడుపు వస్తే తీయించుకోక తప్పని ఆమె స్థితి. సినిమా చూస్తున్నంతసేపూ ఎవరూ నోరు విప్పలేదు. మేం చాలా సంతోషించాం, వాళ్ళని కదిలించిందనుకున్నాం. అయిపోయాక చర్చ మొదలుపెడితే ఒక ముసలమ్మ అంది, "గిది మాకెర్క లేదా బిడ్డా? మా అమ్మ గడీల పనిజేసింది. ఎర్కున్నదే మళ్ళ జూపెడ్తిరి. ఆమె తిరగబడ్డది జూపెడ్తె జూస్తుంటి."

కొన్నేళ్ళకి 1997లో 'ఒసేయ్ రాములమ్మ' వచ్చింది. ఆ ఊరి ఆడవాళ్ళు ట్రాక్టర్ మాట్లాడుకుని పట్నం వెళ్ళి చూసొచ్చారు. మాకేమో ఆ సినిమా మీద సవాలక్ష అభ్యంతరాలు. హింసను ఆటబొమ్మలా చూపించారని, ఒక నాయికను దేవతను చేసి ఊరి జనాన్ని గుంపుగా మిగిల్చారని. ఆ అభ్యంతరాలు నాకు ఇప్పటికీ ఉన్నాయి. 'దాసి' గొప్ప సినిమా అన్న అభిప్రాయం కూడా మారలేదు. కానీ ఆ ముసలమ్మ అడిగింది కళ గురించి కాదు. బాధ మాకు తెలుసు, దాన్ని మాకే చూపించి మీరు కన్నీళ్ళు పెట్టుకోవద్దు అని చెప్పింది. 'దాసి'ని నిజానికి చూడవలసింది గడీల వారసులు, పట్నాల్లో ఉండే మాలాంటివాళ్ళు. ఎవరికి ఏది చూపించాలో మాకు తెలియలేదు. ఆమెకి తెలిసింది.

ఇంతకీ జనం ఇష్టపడ్డదంతా సరైనదే అని నేను చెప్పబోతున్నానా? కాదు. సినిమా మన ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. పంచాయితీల్లో సాక్ష్యం చెబుతుంది. దానికి 'శుభలగ్నం' ఉదాహరణ.

1994లో ఆ సినిమా వచ్చినప్పుడు నేనూ మా ఆయనా కలిసి వెళ్ళాం. నేను ఏడ్చాను కూడా. డబ్బు మోజులో పడి భార్య కోటి రూపాయలకు మొగుణ్ణి ఇంకొకామెకు ఇచ్చేస్తుంది, తర్వాత లబోదిబోమంటుంది. ఆమని బాగా చేసింది. కొన్నాళ్ళకి ఇంట్లో ఒక మాట వచ్చింది. నా జీతం నా పేరున బ్యాంకులో వేసుకుంటానన్నాను. అంతే. "కోటి రూపాయలకి ఎప్పుడు అమ్ముతావు నన్ను?" అన్నాడాయన నవ్వుతూ. అత్తగారు నవ్వారు. నేనూ నవ్వేశాను. నా ఖాతా తెరవడానికి ఆ తర్వాత నాలుగేళ్ళు పట్టింది. ఆ ఒక్క నవ్వుతో నన్ను నేనే దురాశాపరురాలి పక్కన నిలబెట్టుకున్నాను.

ఇప్పుడు దీని పక్కన ఇంకొక సినిమా పెట్టి చూడండి. కాళ్ళకూరి నారాయణరావు నాటకం 'వరవిక్రయం' 1939లో సినిమాగా వచ్చింది. భానుమతికి అది తొలి సినిమా. కాళింది అన్న పెద్దకూతురి వేషం ఆమెది. కట్నం పెట్టి తెచ్చే పెళ్ళి భరించలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల మాత్రం పెళ్ళి చేసుకుని అడ్డం తిరుగుతుంది. డబ్బు పోసి కొన్నాం కాబట్టి వరుడే మా ఇంటికి రావాలి అన్నది ఆమె వాదం. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది, అంటే కమల వాదించిన ఇరవైరెండేళ్ళకు. 1939లో మగవాణ్ణి అమ్మింది అతని తండ్రి. 1994లో అమ్మింది భార్య. యాభైఅయిదేళ్ళలో అమ్మినవాడు తప్పుకున్నాడు, నేరం ఆడదాని మీదకు వచ్చింది. బయట ప్రపంచంలో ఈ అమ్మకం తీరు ఏమైనా మారిందా? కట్నం తీసుకుంటున్నది ఇప్పటికీ పెళ్ళికొడుకు వైపువాళ్ళే. కట్నం చాలక చనిపోతున్నది ఇప్పటికీ కోడళ్ళే. సినిమాలో మాత్రం ఆశపోతు ఆడది.

ఇదంతా నాకు నేనుగా తట్టింది కాదు. కౌన్సెలింగ్‌కి వచ్చిన ఒకామె నేర్పింది. ఆమె మిషన్ మీద బట్టలు కుడుతుంది. భర్త ఆటో నడుపుతాడు, ఇంట్లో పైసా ఇవ్వడు. ఇద్దరు పిల్లలు. మాట్లాడడానికి కూర్చోబెడితే భర్త తరఫున వచ్చిన పెద్దమనిషి, "డబ్బు డబ్బు అని సతాయిస్తే సంసారాలు ఏమవుతాయో 'శుభలగ్నం'లో చూడలేదా అమ్మా?" అని నీతి బోధించాడు. నేను ఏదో అనబోయాను. ఈలోగా ఆమె అంది, "మూడుసార్లు చూశాను బాబాయ్. ఆవిడ అడిగింది బంగారం. నేనడిగింది బియ్యం." ఆ పెద్దమనిషి తలొంచుకున్నాడు. బోలెడన్ని వ్యాసాలు చదివిన నేను ఆ రోజున నా ఇంట్లో చెప్పలేని జవాబు అది. ఆమెకి ఇప్పటికీ ఆ సినిమా ఇష్టమే. ఇష్టమైనది కాబట్టే దానితో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలుసు.

ఇక కొత్త సినిమాల దగ్గర మేం చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. 2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చింది. కాలేజీలో జూనియర్ అమ్మాయిని చూసి, ఆమె నా పిల్ల అని ప్రకటించి, అనుమతి అడగకుండా ముద్దు పెట్టుకునే కథానాయకుడు. అవతలి అమ్మాయికి సినిమాలో మాటలే తక్కువ. మా బస్తీ యువతుల బృందంలో దాని మీద చర్చ పెట్టాం. అందరూ తిట్టారు, నేనూ తిట్టాను. ఒక్క అమ్మాయి మాత్రం మెల్లిగా, "నాకు నచ్చింది మేడమ్" అంది. అంతే, అన్ని వైపులనుంచీ ఆమె మీద పడ్డాం. సమ్మతి అంటే ఏమిటి, హింస అంటే ఏమిటి అని పాఠాలు చెప్పాం. మేం చెప్పిన ఒక్కొక్క మాటా సరైనదే. తర్వాత మూడు నెలలు ఆ అమ్మాయి రాలేదు.

మళ్ళీ వచ్చినప్పుడు నేనే పక్కకు పిలిచి అడిగాను. ఆమె అంది, "మా ఇంట్లో అమ్మ చచ్చిపోతే నాయిన నెల తిరక్కుండా ఇంకో పెళ్ళి చేసుకున్నాడు మేడమ్. ఆడదాని కోసం మొగోడు పిచ్చోడవ్వడం నేను ఎక్కడా చూడలేదు. అందుకు నచ్చింది. కొట్టడం నచ్చిందని నేనన్నానా? మీరు అడగలేదు."

మీరు అడగలేదు. స్త్రీల మాట వినాలని ఊరూరా చెప్పే మాకు ఇంతకన్నా పెద్ద చెంపదెబ్బ ఉంటుందా? ఆ సినిమా మీద నా అభిప్రాయం ఏమీ మారలేదు. ఆడపిల్ల ఇష్టాన్ని లెక్కచేయని ప్రేమని గొప్పగా చూపించడం ప్రమాదమే, దాన్ని గట్టిగా ఖండించాల్సిందే. కానీ ఖండించవలసింది తీసినవాళ్ళని. చూసి ఇష్టపడ్డ పదహారేళ్ళ పిల్లని కాదు. ఆమె ఇష్టం వెనుక ఒక లోటు ఉంది. ఆ లోటు గురించి మాట్లాడడం మన పని. దాన్ని వదిలేస్తే, ఆ లోటులోకి ఎవడైనా అర్జున్ రెడ్డి అడుగుపెడతాడు.

తీసేవాళ్ళ సంగతి కూడా ఒక మాట. భానుమతి 1953లోనే 'చండీరాణి'కి మూడు భాషల్లో దర్శకత్వం వహించింది. సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు' తీసింది. విజయనిర్మల నలభైనాలుగు సినిమాలు తీసి 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అయినా దర్శకురాలు అంటే మన పరిశ్రమలో ఇప్పటికీ వింతే. తెరమీద ఆడవాళ్ళు ఎలా కనిపిస్తున్నారో లెక్కలు తీసిన మేం, ఆ తెర వెనుక డాన్సర్లుగా, జూనియర్ ఆర్టిస్టులుగా పనిచేసే ఆడవాళ్ళ గురించి చాలాకాలం పట్టించుకోలేదు. 2018లో ఒక నటి హైదరాబాదులో ఫిల్మ్ చాంబర్ ముందు నిరసనకు దిగినప్పుడు గానీ మన సంఘాలు కూడా కదలలేదు. ప్రభుత్వం 2019లో కమిటీ వేసింది. ఉపకమిటీ నివేదిక 2022లో ప్రభుత్వానికి చేరింది. కేరళలో హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికొచ్చిన తర్వాత, మన నివేదికనూ బయట పెట్టమని అడిగే గొంతులు లేచాయి. పని చేసేచోట భద్రత లేని ఆడవాళ్ళ శ్రమతో తయారైన సినిమాలో ఆడదాని గౌరవం గురించి ఎన్ని డైలాగులుంటే ఏం లాభం? 'ప్రతిఘటన' చూసి 1985లో నేను కాలేజీలో ఈలవేశాను. ఆ ఈలతో పాటు ఈ ప్రశ్న కూడా అప్పుడే అడిగి ఉండాల్సింది.

మా చర్చలు ఇప్పుడు కొంచెం మారాయి. ఈ మధ్య సంఘం ఆడవాళ్ళతో కలిసి '35' (2024) చూశాం. పదో తరగతి తప్పిన తల్లి, లెక్కల్లో వెనకబడ్డ కొడుక్కి నేర్పడం కోసం తనే మళ్ళీ లెక్కలు నేర్చుకునే కథ. ఈసారి మేం ముందుగా ఏమీ చెప్పలేదు. ఎక్కడ నచ్చింది, ఎక్కడ మనసు చివుక్కుమంది అని మాత్రం అడిగాం. ఒకామె, "కొడుకు కోసం కాకుండా తన కోసం నేర్చుకుంటే సినిమా తీసేవాళ్ళా?" అంది. నేను లోలోపల సంబరపడ్డాను, నేను చెప్పాలనుకున్నది అదే. కానీ ఇంకొకామె ఒప్పుకోలేదు. "పిల్లల పేరు చెప్పుకునే గదా మేమూ రాత్రిబడికి పోయింది. నా కోసం అంటే ఎవరు పంపుతారు? పేరు ఎవరిదైతేనేం, పుస్తకం నా చేతికొచ్చింది" అంది. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో నెల్లూరు జిల్లాలో రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు పుస్తకంలో సీతమ్మ కథ చదివి, దూబగుంటలో సారా దుకాణం మూయించిన సంగతి మనకు తెలుసు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పాఠం రాసినవాళ్ళు అక్షరాలు నేర్పాలనుకున్నారు. చదివినవాళ్ళు కథని తమకు కావలసిన చోటికి నడిపించారు. సినిమాతోనూ ఆడవాళ్ళు ఆ పని చేయగలరు. మనం మధ్యలో కూర్చుని అర్థాలు చెప్పకుండా ఉంటే చాలు.

కాబట్టి సంఘాల్లో, శిబిరాల్లో పనిచేసే మిత్రులకు నేను చెప్పేది ఇంతే. మీ బృందంలో ఇష్టమైన సినిమాల గురించి ఒక సాయంత్రం మాట్లాడుకోండి. మనకు నచ్చని పేరు వచ్చినా మొహం చిట్లించవద్దు. ఆ సినిమాలో ఏ ముక్క నీది అని అడగండి. నువ్వు ఏ ముక్క చూడనట్టు ఊరుకుంటున్నావు అని కూడా అడగండి. ఆ వదిలేసిన ముక్క ఇంకెవరికి తగులుతోందో, వాళ్ళు ఆ గదిలోనే ఉన్నారేమో చూడండి. ఈ ప్రశ్నలు ముందు మనకు మనం వేసుకోవాలి. కార్యకర్తలం కదా అని మనకు మినహాయింపు లేదు.

సంక్రాంతి సెలవుల్లో ఆ గుంటూరు అమ్మాయిని మా ఇంటికి భోజనానికి పిలిచి, ఇద్దరం కలిసి 'మిస్సమ్మ' మళ్ళీ చూశాం. ఈసారి చివరిదాకా. రేలంగి కనిపించినప్పుడల్లా ఆమె నాకంటే ఎక్కువ నవ్వింది. పుట్టుమచ్చ దగ్గర మాత్రం ఇద్దరం మాట్లాడలేదు. నాకు ఆ అరగంట మొదటిసారి పొడుగ్గా అనిపించింది. అయిపోయాక ఆమె అంది, "అసలు సంగతి చెప్పలేదక్కా మీకు. మా అమ్మమ్మకి కూడా ఈ సినిమా అంటే ప్రాణం."

ఆవిడ ఎక్కడ ఆపేసుకునేదో ఆ మనవరాలికి తెలియదు. అడిగి తెలుసుకుందామంటే ఆవిడ లేదు. మన చుట్టూ ఉన్న అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళని అడగండి. వాళ్ళు ఏం చెప్పారో ఈ పత్రికకు రాయండి.